పేపర్ జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు) ఊగడం ఆగట్లేదు, సేటేమో సెకండ్‌హ్యాండ్ స్కానర్ కొంటానంటున్నాడు, ఏం చేయమంటారు?

చిట్యాల_ఇన్‌స్ట్రు:

అందరికీ నమస్తే. చిట్యాల దగ్గర ఒక చిన్న క్రాఫ్ట్ పేపర్ మిల్లులో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. చూస్తాను అంటే నేను, ఒక హెల్పరు, అంతే. వేస్ట్ పేపర్ మీద నడిచే మెషిన్, డెకిల్ (పేపర్ వెడల్పు) రెండున్నర మీటర్లు, స్పీడు నిమిషానికి 200 మీటర్లు. ఎక్కువ ఆర్డర్లు 18 బీఎఫ్ (బరస్ట్ ఫ్యాక్టర్, పేపర్ పగలకుండా తట్టుకునే బలం) 120 జీఎస్‌ఎం, జడ్చర్ల, కొత్తూరు వైపు మందుల కంపెనీలకు డబ్బాలు చేసేవాళ్ళకు పోతుంది.

బాధ ఏంటంటే మూడు నెలలుగా జీఎస్‌ఎంకు నిలకడ లేదు. ల్యాబ్ అబ్బాయి ఒక రోల్‌కు 116 రాస్తాడు, తర్వాతి రోల్‌కు 125 రాస్తాడు, మెషిన్‌మన్ ఆ నంబరు చూసి సెట్‌పాయింట్ మారుస్తాడు, ఆ తర్వాతి రోల్ ఇంకో పక్కకు పోతుంది. డబ్బాలవాళ్ళు రెండు రకాలుగానూ తిడుతున్నారు, తక్కువొస్తే బరస్ట్ రావట్లేదని, ఎక్కువొస్తే టన్నుకు డబ్బాలు తగ్గాయని. పోయిన నెల ఆరు రీళ్ళు వెనక్కి వచ్చాయి, అప్పటి నుంచి సేటు నన్ను పేరు పెట్టి పిలవడం కూడా మానేశాడు.

మా దగ్గర ఉన్నవి చెప్తాను. మెషిన్ చెస్ట్ (పల్పు తొట్టి) తర్వాత బ్లేడు టైపు కన్సిస్టెన్సీ (పల్పు చిక్కదనం) ట్రాన్స్‌మిటర్, దాన్ని పలచన చేయడానికి బ్యాక్‌వాటర్ (పేపర్ నుంచి దిగిన నీళ్ళు) డైల్యూషన్ వాల్వు, మాగ్నెటిక్ ఫ్లో మీటరు, గాలితో నడిచే బేసిస్ వెయిట్ వాల్వు (మెషిన్‌కు పల్పు ఎంత పోవాలో తేల్చేది). అన్నీ పీఎల్‌సీలో (కంట్రోల్ కంప్యూటర్) పీఐడీ లూపులే, అంటే కొలిచి, తేడా చూసి వాల్వును తనంతట తానే తిప్పేవి, పీ, ఐ, డీ వాటి సర్దుబాట్లు. స్కాడా స్క్రీన్‌లో ట్రెండ్ కనిపిస్తుంది. ఫ్లో ట్రెండ్ చూస్తే ఇంచుమించు ఒకటిన్నర నిమిషానికోసారి పైకీ కిందికీ పోతోంది. పీ తగ్గించా, ఐ తగ్గించా, ఒక రోజు తెగించి డీ కూడా పెట్టి చూశా (నవ్వకండి). ఊగే వేగం మారుతుంది కానీ ఊగడం మాత్రం మానట్లేదు.

ఇప్పుడు సేటుకు ఎవరో చెప్పారంట, మూతపడ్డ మిల్లు నుంచి పాత క్యూసీఎస్ స్కానర్ (నడుస్తున్న పేపర్ బరువు, తేమ కొలిచే యంత్రం) చవకగా వస్తుందని, అది పెడితే జీఎస్‌ఎం దానంతటదే సరిచేసుకుంటుందని. పీఎల్‌సీ పీకేసి డీసీఎస్ (పెద్ద ప్లాంట్లలో వాడే కంట్రోల్ సిస్టం) పెట్టమని ఇంకొకాయన సలహా. నాకు ఇదంతా సరికాదనిపిస్తోంది కానీ ఎందుకు కాదో సేటుకు చెప్పడానికి మాట దొరకట్లేదు. పేపర్ తెగడం కూడా ఎక్కువైంది, షిఫ్టుకు నాలుగైదు సార్లు. పేపర్ మాయిశ్చర్ (తేమ) గురించి చెప్పకపోవడమే మంచిది, పొద్దున 6 శాతం, సాయంత్రం 10. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పాతకాపు:

తమ్ముడూ, నీ పోస్టులో నువ్వే రాసిన వాక్యం ఒకసారి మళ్ళీ చదువుకో. ఊగే వేగం మారుతుంది, ఊగడం మానట్లేదు. జవాబు అందులోనే ఉంది. ట్యూనింగ్ తప్పయితే, గెయిన్ తగ్గించుకుంటూ పోతే ఏదో ఒక దగ్గర లూప్ చల్లబడాలి. ఎంత తగ్గించినా మెల్లగానైనా ఊగుతూనే ఉందంటే ముందు వాల్వును అనుమానించు. వాల్వు పట్టేస్తోంది. స్టిక్షన్ అంటాం దీన్ని. సిగ్నల్ పెరుగుతుంటుంది, వాల్వు కదలదు, ఇంకా పెరుగుతుంది, అప్పుడు ఒక్కసారిగా జారి కావలసినదానికంటే ఎక్కువ తెరుచుకుంటుంది, పీఐడీ వెనక్కి లాగడం మొదలుపెడుతుంది, వెనక్కి వచ్చేటప్పుడూ అదే కథ. వానాకాలంలో ఉబ్బిన తలుపు ఎలా ఉంటుంది, మెల్లగా తోస్తే రాదు, భుజం పెడితే గోడకు కొట్టుకుంటుంది, అచ్చం అలాగే.

స్కాడాలో ఫ్లో, వాల్వు ఔట్‌పుట్ రెండూ ఒకే గ్రాఫ్ మీద పెట్టి చూడు. ఔట్‌పుట్ రంపపు పళ్ళలా, ఫ్లో మెట్లు మెట్లుగా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఆ తర్వాత మెషిన్‌మన్‌తో మాట్లాడుకుని ఒక అరగంట లూపును మాన్యువల్‌లో పెట్టు. ఊగుడు ఆగిపోతే దొంగ ఆ లూపులోనే ఉన్నాడు. ఆగకపోతే బయటి నుంచి వస్తోంది, పంపో, చెస్ట్ లెవెలో, ఇంకోటో. మాన్యువల్‌లో ఉన్నప్పుడే ఇంకో పని కూడా చెయ్యి, ఔట్‌పుట్ అర శాతం పెంచు, ఒక నిమిషం ఆగు, ఇంకో అర శాతం పెంచు, ఫ్లో ఎప్పుడు కదిలిందో పుస్తకంలో రాసుకో. ఆరోగ్యంగా ఉన్న వాల్వు అర శాతానికి, మహా అయితే ఒక శాతానికి కదలాలి. నీది మూడు నాలుగు శాతం దాకా కదలదని నా అంచనా.

ఇక సేటుకు చెప్పడానికి లెక్క కావాలన్నావు. 120 జీఎస్‌ఎం, 200 మీటర్లు, రెండున్నర మీటర్లు, మూడూ గుణిస్తే నిమిషానికి 60 కిలోలు. తేమ, వైరు (పల్పు నీళ్ళు వడగట్టే జాలీ) కింద పోయేది పక్కన పెడదాం. మూడు శాతం కన్సిస్టెన్సీలో ఈ 60 కిలోలు రావాలంటే నిమిషానికి 2000 లీటర్ల పల్పు పోవాలి. ఇప్పుడు ఫ్లో కదలకుండా కన్సిస్టెన్సీ ఒక్కటే 3 నుంచి 3.1 అయిందనుకో, 62 కిలోలు పోతుంది, పేపర్ 124 అవుతుంది. కంటికి కనపడని తేడా అది, చెస్ట్‌లో చేయి పెట్టినా తెలియదు. అందుకే ఫ్లో లూప్, కన్సిస్టెన్సీ లూప్ రెండూ గట్టిగా లేకుండా పైన ఏం పెట్టినా దండగే. సేటు టన్నుల్లో ఆలోచిస్తాడు కాబట్టి ఇంకో మాట, 120 పేపర్ టన్నుకు 8333 చదరపు మీటర్లు వస్తుంది, 124 అయితే 8065. ఆ 268 చదరపు మీటర్ల గురించే డబ్బాలవాళ్ళు తిట్టేది.

మరో పాత ఉపాయం. స్కానర్ లేని రోజుల్లో మేం చేసింది. తిరస్కరించిన జంబో (మెషిన్ నుంచి దిగే పెద్ద రోల్) ఒకటి దొరికితే దాని పైపొరలు ఒకే చోట అడ్డంగా కత్తితో కోయి, రెండు సెంటీమీటర్ల మందం చాలు, వంద పొరల దాకా వస్తాయి. జంబో ఒకటిన్నర మీటరు వ్యాసం ఉంటే ఒక్కో చుట్టు 4.7 మీటర్లు, నీ స్పీడులో 1.4 సెకన్లు. అంటే వరసగా పేర్చిన ఆ పొరలు నీ మెషిన్ గడిచిన రెండు మూడు నిమిషాల డైరీ. ల్యాబ్‌లో 100 చదరపు సెంటీమీటర్ల గుండ్రని కట్టర్ ఉంటుంది కదా, ఐదో పొర ఐదో పొర తీసి తూచు. రోల్‌కు ఒక్క శాంపిల్ తీసి సెట్‌పాయింట్ మార్చడం మాత్రం ఈ రోజే ఆపించు. అల ఎత్తు మీద ఉన్నప్పుడు తీసిన ముక్కా, పల్లంలో తీసిన ముక్కా చూసి చక్రం తిప్పితే ఉన్న ఊగుడుకు ఇంకో ఊగుడు కలిపినట్టే.

డ్రైవ్_ప్యానెల్:

బ్రదర్, పేపర్ తెగడం గురించి నేను చెప్తా, మిగతాది పెద్దాయన చెప్పారు. డ్రైవ్‌లకు స్పీడు రిఫరెన్స్ ఎలా పోతోంది? ఇంకా ప్యానెల్ మీద పొటెన్షియోమీటరు, 0–10 వోల్టులతోనా, లేక పీఎల్‌సీ నుంచి కమ్యూనికేషన్ మీదనా? మోటార్లకు ఎన్‌కోడర్ (తిరిగే స్పీడు కొలిచేది) ఉందా? కోచ్‌కూ (తడి షీటు వైరు వదిలే రోలు) ప్రెస్‌కూ మధ్య డ్రా (రెండింటి స్పీడు తేడా) మొత్తమే రెండు మూడు శాతం ఉంటుంది. పొటెన్షియోమీటరు వేడికి పావు శాతం జరిగిందనుకో, నీ స్పీడులో అది నిమిషానికి అర మీటరు, తడి పేపర్‌కు అది చిన్న విషయం కాదు. మధ్యాహ్నం ఎక్కువ తెగుతోందా, రాత్రి ఎక్కువ తెగుతోందా చూడు. నల్లగొండ ఎండలకు ప్యానెల్ రూంలో ఏసీ ఆగిపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

కానీ నా అనుమానం ఇది. బరువు ముక్క వచ్చినప్పుడు షీటు ఎక్కువ నీళ్ళతో వస్తుంది, ప్రెస్ ముందు సాగి వేలాడుతుంది, ఆపరేటర్ చూసి డ్రా ఒక పాయింటు పెంచుతాడు. ముప్పావు నిమిషం తర్వాత తేలిక ముక్క వస్తుంది, అదే డ్రా మీద ఫట్‌మని తెగుతుంది. ఆపరేటర్ డ్రైవ్‌లను తిడతాడు, మమ్మల్ని పిలుస్తారు, మేం వచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. ఇలా ఎన్నిసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చానో. తెగిన ప్రతిసారీ టైము సెకన్లతో సహా రాసి ఫ్లో ట్రెండ్ పక్కన పెట్టు, తేలిపోతుంది.

డీసీఎస్ సంగతి అంటావా, డబ్బా మార్చితే వాల్వు కదలదు. నువ్వు చెప్పిన నాలుగు లూపులకు పీఎల్‌సీ ఎక్కువే.

స్కానర్_సర్వీస్:

నేను బతికేది క్యూసీఎస్ స్కానర్ల మీదే, అయినా ఇప్పుడే కొనొద్దనే చెప్తా. పూర్తిగా వద్దని కాదు, అది పైన వాళ్ళతో నాకున్న తేడా. స్కానర్ లేకుండా అడ్డం ప్రొఫైల్ తెలియదు, ఒక అంచు 125, ఇంకో అంచు 117 ఉంటే నీ ఫ్లో లూప్ గీత గీసినట్టున్నా రీలు వెనక్కి వస్తుంది. మాయిశ్చర్ కూడా కళ్ళ ముందు కనిపిస్తుంది కాబట్టి భయపడి 6 దగ్గర ఎండబెట్టే పేపర్‌ను ధైర్యంగా ఏడున్నర దగ్గర నడపొచ్చు. నీళ్ళను పేపర్ రేటుకు అమ్ముకోవడం అన్నమాట, ఈ మాటకు సేటులందరూ నవ్వుతారు, సంతకం కూడా పెడతారు.

కానీ స్కానర్ చేయలేని పని ఒకటుంది. అది ఉండేది పోప్ రీల్ (చివర పేపర్ చుట్టుకునే చోటు) ముందు, సరిచేయాల్సిన వాల్వు ఉండేది హెడ్‌బాక్స్‌కు (పల్పును వైరు మీద పోసే పెట్టె) ముందు. వాల్వు కదిలాక ఆ మార్పు ఫ్యాన్ పంపు, వైరు, ప్రెస్, డ్రయర్లన్నీ దాటి రీల్ దగ్గరకు రావడానికే నిమిషం అటూ ఇటూ పడుతుంది, ఆపైన స్కానర్ తల పేపర్ ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి ఇంకొంత. సాగర్ ఎడమ కాలువ చివరి రైతు నీళ్ళు రాలేదని ఫోన్ చేస్తే డ్యాం దగ్గర గేటు ఎత్తుతారు, ఆ నీళ్ళు వచ్చేసరికి అక్కడ వాన పడి మడి నిండిపోయి ఉంటుంది, మళ్ళీ దించమని ఇంకో ఫోన్. ఒకటిన్నర నిమిషానికోసారి వచ్చే అలను స్కానర్ సరిచేయబోతే జరిగేది అదే. ఈ ఆలస్యం (డెడ్‌టైమ్) కోసం 1957లోనే స్మిత్ అనే ఆయన ప్రెడిక్టర్ కనిపెట్టాడు, ఇప్పటి క్యూసీఎస్‌లలో ఆ బాపతు లెక్కలు ఉంటాయి, అయినా అవి నిదానంగా జరిగే మార్పులకే పనికొస్తాయి. పైగా స్కానర్ చివరికి చేసేది ఏంటి, నీ ఫ్లో లూపుకు కొత్త సెట్‌పాయింట్ ఇవ్వడమే. ఆ వాల్వు పట్టేసి ఉంటే దానికి ఎవరు చెప్పినా ఒకటే.

సెకండ్‌హ్యాండ్ అన్నావు కాబట్టి అసలు సంగతి. బరువు కొలిచే తలలో సాధారణంగా క్రిప్టాన్–85 ఉంటుంది, రేడియోధార్మిక పదార్థం. పై తల నుంచి బీటా కిరణాలు వస్తాయి, కింద తలలో ఎన్ని దిగాయో లెక్కపెడతారు, పేపర్ మందమైతే తక్కువ దిగుతాయి. దాని అర్ధాయువు 10.7 ఏళ్ళు, అంటే అన్నేళ్ళకు సగమే మిగులుతుంది. ఆ మిల్లు మూతపడి, యంత్రం పదిహేనేళ్ళ నాటిదైతే సోర్సు సగం కంటే తక్కువ మిగిలి ఉంటుంది, రీడింగ్ మీద నమ్మకం ఉండదు. అంతకంటే ముఖ్యం, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి లేకుండా అది చేతులు మారకూడదు, మీ మిల్లులో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ కూడా ఉండాలి. లారీలో వేసుకొచ్చి బిగించుకునే సామాను కాదు. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము మార్కెట్లోకి కోబాల్ట్–60 ఉన్న పాత పరికరం చేరితే ఒక మనిషి ప్రాణం పోయింది. అది దీనికంటే చాలా పెద్ద సోర్సే, కాదనను, కానీ అక్కడా మొదలైంది చవక బేరంతోనే. పోస్టు మొత్తంలో ఈ ఒక్క పేరా మీ సేటుకు చదివి వినిపించు.

చిట్యాల_ఇన్‌స్ట్రు:

అందరికీ థాంక్స్. ఆదివారం కొంచెం పని అయింది.

సార్, మీరన్నట్టే మాన్యువల్‌లో పెట్టా. మెషిన్‌మన్ మొదట ఒప్పుకోలేదు, టీ తాగించి కూర్చోబెట్టా. పది నిమిషాల్లో ఫ్లో ట్రెండ్ గీత గీసినట్టు అయింది. నేనూ హెల్పరూ మొహాలు చూసుకున్నాం. తర్వాత అర శాతం అర శాతం పెంచుకుంటూ పోయా, 41, 41.5, 42, 42.5, 43, ఏమీ లేదు, 44.5 దగ్గర ఫ్లో ఒక్కసారిగా 80 లీటర్లు లేచింది.

పొరలు కూడా తూచాం. రాత్రి పదింటికి ల్యాబ్‌లో కూర్చుని ఇరవై ముక్కలు కోసి, కన్‌ఫ్యూజ్ కాకుండా పెన్సిల్‌తో నంబర్లు రాసి. 1.17, 1.17, 1.18, తర్వాత 1.22, 1.24, అలా పోయి పదమూడు, పద్నాలుగో ముక్క దగ్గర మళ్ళీ 1.17కు వచ్చింది. లెక్కేస్తే సరిగ్గా ఆ ఒకటిన్నర నిమిషమే. ల్యాబ్ అబ్బాయి వాటిని దారానికి గుచ్చి గోడకు వేలాడదీశాడు, సేటు వస్తే చూపించాలని.

వాల్వు షట్‌డౌన్‌లో విప్పుతాం, బుధవారం ఉంది. తెగిన టైములు రాస్తున్నాం, ఇప్పటికి తొమ్మిదిలో ఏడు, ఫ్లో కిందికి పడ్డాక నిమిషంలోపే. డ్రైవ్ అన్న చెప్పింది నిజమే అనిపిస్తోంది (మాకు ఎన్‌కోడర్లు ఉన్నాయి, రిఫరెన్స్ కమ్యూనికేషన్ మీదే). మాయిశ్చర్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఊక_బాయిలర్:

మాయిశ్చర్ నేను చెప్తా. మాది మిర్యాలగూడ, బాయిల్డ్ రైసుమిల్లు బాయిలర్ల దగ్గర పుట్టి పెరిగాం. మీది ఊక బాయిలరే అయి ఉంటుంది, ఆ చుట్టుపక్కల అందరూ మా దగ్గరి నుంచే లారీలు ఎత్తుతారు. ఊక కుప్ప మీద రేకులు ఉన్నాయా? ముసురు పట్టిన వారంలో తడి ఊక పోతే ముందు ఆ నీళ్ళు ఆవిరవ్వాలి, ఆ తర్వాతే మంట. ప్రెషర్ పడుతుంది, ఫైర్‌మన్ ఫీడర్ స్పీడు పెంచుతాడు, పొడి లారీ రాగానే ప్రెషర్ ఎగురుతుంది. డ్రయర్లలో ఉండేది సంతృప్త ఆవిరి, ప్రెషర్‌ను బట్టే దాని వేడి. మూడు కిలోల ప్రెషర్ దగ్గర 143 డిగ్రీలు, రెండు కిలోల దగ్గర 133. ఆ పది డిగ్రీలే నీ పొద్దున 6కూ సాయంత్రం 10కీ మధ్య ఉన్నది. బాయిలర్ హెడర్ ప్రెషర్, డ్రయర్ గ్రూపు ప్రెషర్ ఒకే గ్రాఫ్ మీద వేసి చూడు, రెండూ కలిసి పడుతుంటే మధ్యలో ఉన్న కంట్రోల్ వాల్వు ఇప్పటికే పూర్తిగా తెరిచి ఉందని అర్థం, దాని చేతిలో ఇక ఏమీ లేదు.

ఆవిరి ఆదా కావాలంటే బాయిలర్ కంటే ప్రెస్ చూడండి. అక్కడ ఇంకో ఒక్క శాతం పొడిగా పిండితే డ్రయర్లలో నాలుగు శాతం దాకా ఆవిరి మిగులుతుంది. ఫెల్ట్ (ప్రెస్‌లో నీళ్ళు పీల్చే గుడ్డ) ఎప్పుడు మార్చారో అడుగు, జవాబు వినగానే చాలా విషయాలు అర్థమవుతాయి.

చిట్యాల_ఇన్‌స్ట్రు:

ఊక మీద రేకులు లేవన్నా, తాటిపత్రి ఉంది, అదీ చినిగింది.

వాల్వు విప్పాం. గ్లాండ్ నట్లు (స్పిండిల్ చుట్టూ కారకుండా ప్యాకింగ్‌ను నొక్కేవి) ఎంత బిగించారంటే స్పానర్‌కు పైపు తొడిగితే గానీ రాలేదు. కనుక్కుంటే తెలిసింది, మూడు నెలల కింద అక్కడ పల్పు కారుతోందని, ఆడిట్ వాళ్ళు వస్తున్నారని ఫిట్టర్ గట్టిగా బిగించాడంట. కారడం ఆగింది, ఫొటో కూడా తీశారు. స్పిండిల్ మీద గీతలు పడ్డాయి. ప్యాకింగ్ మార్చి, స్పిండిల్‌ను సన్న ఎమరీతో రుద్ది, పొజిషనర్ లింకు పిన్ను కూడా వదులుగా ఉంటే అది మార్చాం. ఇప్పుడు వాల్వు అర శాతానికి కదులుతోంది. పాత పీ, ఐ విలువలే మళ్ళీ పెట్టా, నేను మార్చినవన్నీ తీసేసి. నిన్నటి రోల్స్ 119 నుంచి 122 లోపు. రెండు రోజుల్లో మొత్తం మూడుసార్లు తెగింది.

కానీ ఇంకో చిన్న అల మిగిలింది, నిదానంది, ఇరవై ఐదు నిమిషాలకోసారి. ఇంతకుముందు పెద్ద అల కింద కనపడలేదనుకుంటా. కన్సిస్టెన్సీ ట్రెండ్‌లో ఉంది. మొదట ట్రాన్స్‌మిటర్ అనుకుని విప్పితే బ్లేడుకు ప్లాస్టిక్ దారం, టేపు ముక్కలు జడలా చుట్టుకుని ఉన్నాయి, శుభ్రం చేశా, అయినా అల పోలేదు. చివరికి మెట్లెక్కి పల్పర్ (వేస్ట్ పేపర్‌ను నీళ్ళలో నలిపే తొట్టి) దగ్గర నిలబడితే అర్థమైంది. పల్పర్ కొత్త బ్యాచ్‌కు నీళ్ళు తీసుకున్న ప్రతిసారీ బ్యాక్‌వాటర్ హెడర్ ప్రెషర్ పడుతోంది, నా డైల్యూషన్ వాల్వు వంద శాతం తెరిచినా నీళ్ళు రావు, పల్పు చిక్కబడుతుంది. డైల్యూషన్‌కు విడిగా చిన్న పంపు అడిగా. సేటు వెంటనే సరే అనలేదు కానీ, స్కానర్ మాట ఎత్తలేదు. గోడ మీద దారానికి వేలాడే ముక్కలను రెండుసార్లు లెక్కపెట్టి పోయాడు.

ఒక్క డౌట్. తొందరలో స్టోర్‌లో దొరికిన గ్రాఫైట్ ప్యాకింగ్ వేశా. పర్లేదా, తీసేయాలా?

పాతకాపు:

తీసెయ్. ఆవిరి లైను కాదు కదా అది, గోరువెచ్చటి పల్పు, దానికి టెఫ్లాన్ చాలు, జారుడు కూడా ఎక్కువ. నట్లు ముందు చేత్తో తిప్పు, తర్వాత స్పానర్‌తో రెండు వైపులా సమంగా కొంచెం కొంచెం, కారడం ఆగేదాకా మాత్రమే. బిగించాక మళ్ళీ అర శాతం టెస్టు చేసి ఆ నంబరు వాల్వు మీదే పెయింటుతో రాసి పెట్టు, తేదీతో సహా. ఆ ఫిట్టర్‌ను తిట్టకు, కారుతోందంటే ఆపాడు, వాల్వు కదలాలని అతనికి ఎవరు చెప్పారు. పంపుకు ప్రెషర్ ఎంత కావాలో చూసుకున్నాక ఇక్కడే రాయి, సైజు నేను చెప్తా.